త్యాగాన్ని కోరినదెవరు? — ‘స్టెల్లా డల్లాస్’

మాతృత్వాన్ని కీర్తించే ఏ రచన ముందైనా, ఏ చిత్రం ముందైనా ఒక ప్రశ్న వేయక తప్పదు. ఆ తల్లి చేత త్యాగం చేయించినదెవరు? 1937లో కింగ్ విడార్ దర్శకత్వంలో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘స్టెల్లా డల్లాస్’ ఈ ప్రశ్నకు జవాబు చూపిస్తుంది. చూపించి, కన్నీళ్ళలో కరిగించివేస్తుంది.

ఆలివ్ హిగిన్స్ ప్రౌటీ 1923 నాటి నవల దీనికి మూలం. 1925లోనే ఇది మూకీగా వచ్చింది. మసాచుసెట్స్‌లోని ఒక మిల్లు పట్టణంలో స్టెల్లా కార్మిక కుటుంబపు పిల్ల. ఈ పాత్రను బార్బరా స్టాన్విక్ ధరించింది. మిల్లులో అధికారిగా ఉన్న స్టీఫెన్ డల్లాస్‌ను ఆమె పెళ్ళాడుతుంది. ఇల్లు మారింది గాని వర్గం మారలేదు. ఆమె నవ్వు, మాట, అలంకరణ అన్నీ సంపన్నుల కంటికి మోటు. రైలులో రాత్రిపూట తోటి ప్రయాణికులు తనను ఎగతాళి చేయడం స్టెల్లా వింటుంది. కూతురు లారెల్ కూడా వింటుంది. తల్లి నిద్ర నటిస్తుంది. తన ఉనికే బిడ్డకు అడ్డమని ఆమె నిర్ణయించుకునేది అక్కడే.

తరువాత లారెల్‌ను తండ్రి దగ్గరకు తరమడానికి స్టెల్లా కావాలనే మరింత మోటుగా ప్రవర్తిస్తుంది. పెద్దలు తనకు అంటగట్టిన వేషాన్ని తెలిసి తెలిసి వేసుకుంటుంది. ఇది అజ్ఞానం కాదు, అభినయం. సంస్కారం పుట్టుకతో వచ్చే గుణమన్న సంపన్న వర్గపు నమ్మకాన్ని చిత్రం తనకు తెలియకుండానే ఇక్కడ బద్దలు కొట్టింది.

కాని ముగింపు? వానలో, ఇనుప కంచె అవతల నిలబడి, కిటికీలోంచి స్టెల్లా కూతురి పెళ్ళి చూస్తుంది. పోలీసు కదలమంటాడు. సవతి తల్లి హెలెన్ దయతలచి కిటికీ తెర తీసి ఉంచమంది. జాలి తెర తీసింది గాని తలుపు తీయలేదు. అయినా స్టెల్లా నవ్వుతూ నడిచిపోతుంది. ఆ నవ్వుతో కంచె కట్టినవాడు నిర్దోషి అయిపోతాడు.

ప్రేక్షకురాలు ఈ ముగింపును గుడ్డిగా ఒప్పుకోదనీ, పలు పాత్రల కళ్ళతో చూస్తూ అందులోని వైరుధ్యాన్ని గ్రహిస్తుందనీ అమెరికన్ విమర్శకురాలు లిండా విలియమ్స్ 1984లో వాదించింది. ఆ వాదనలో బలముంది. కెమెరా మనల్ని కూడా ఆ వీధిలోనే నిలబెట్టింది కదా! అయితే గ్రహింపు వేరు, ఆగ్రహం వేరు. ఈ చిత్రం మొదటిదాన్ని ఇచ్చి, రెండవదాన్ని ఓదార్చి పంపుతుంది.

తల్లి పాత్రను సృష్టించే రచయిత గుర్తుంచుకోవలసిందిదే. త్యాగాన్ని పొగిడినంత మాత్రాన తల్లికి న్యాయం జరగదు. ఆ త్యాగం అవసరం చేసిన కంచెను కూడా పాఠకుడికి చూపించాలి. చూపించాక, నవ్వుతో దాన్ని కప్పకూడదు.