సభాదర్శనము – యాత్రావ్యాసములందలి వర్ణనరీతి

ఒక యూరివాఁడు దేశరాజధానికిఁ బోయి, యచ్చటి శాసనసభాభవనమును జూచివచ్చి, దానిని వర్ణింపఁబూనినచో నేమి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అను ప్రశ్న సాహిత్యవిమర్శమునకు వెలియైనది కాదు. యాత్రావ్యాసము నేఁడు పాఠశాలలందు వ్రాయింపఁబడు రచనాభేదములలో నొకటి. ఢిల్లీ నగరమందలి పాత పార్లమెంటు భవనము దానికిఁ దగిన వస్తువు. అయిన నిట్టి వ్యాసములందుఁ దఱచుగాఁ గానవచ్చు లోప మొకటి కలదు. భవనము వర్ణింపఁబడును, సభ వర్ణింపఁబడదు.

ఆ భవనము వర్తులాకారమైనది. అడ్డుకొలఁత 560 అడుగులు. వెలుపలి వసారాలో నొక్కొక్కటి 27 అడుగుల యెత్తుగల 144 స్తంభములు నిలిచియున్నవి. ఎడ్విన్ లట్యెన్సు, హెర్బర్టు బేకరు అను నాంగ్లేయశిల్పులు దానిని గల్పించిరి. 1921 ఫిబ్రవరి 12వ తేదిని శంకుస్థాపనమును, 1927 జనవరి 18వ తేదిని ప్రారంభోత్సవమును జరిగెను. ఇవి యన్నియు సత్యములే. కాని యింతమాత్రము చెప్పి విరమించిన వ్యాసకర్త చూచినదానిని జెప్పనివాఁడే యగును. నడిమి మందిరముచుట్టు మూఁడుశాల లేల కట్టఁబడెనని యడిగినప్పుడే వర్ణనము ప్రారంభమగును. 1919 నాఁటి చట్టము కేంద్రమునఁ గౌన్సిల్ ఆఫ్ స్టేటు అనియు, శాసనసభ యనియు రెండు సభల నేర్పఱచెను. స్వదేశసంస్థానాధీశులకు వేఱొక మండలి యేర్పడెను. ఆ మూఁటికి మూఁడు శాలలు. సంస్థానాధీశుల శాలలోఁ దరువాత 1937 మొదలు ఫెడరల్ కోర్టును, 1950 మొదలు 1958 వఱకు సుప్రీముకోర్టును నడిచెను. నడిమి మందిరమున 1946 డిసెంబరు 9వ తేదిని రాజ్యాంగపరిషత్తు తొలిసారి సమావేశమయ్యెను. ఱాతిలోని యాకారమునకుఁ గారణము రాజ్యవ్యవస్థయందుఁ గలదని యిందువలనఁ దెలియుచున్నది.

సభను జూచుటలో రెండు రీతులు గలవని భారత సభాపర్వమే చూపుచున్నది. నన్నయభట్టారకుని తెనుఁగునందును నివి రెండును గలవు. నారదుఁడు ధర్మరాజునకు ఇంద్ర యమ వరుణ కుబేర బ్రహ్మల సభలను దెలుపునప్పుడు, వాని శోభతోఁ బాటు వానియందుఁ గొలువున్నవా రెవ్వరో చెప్పును. పాండురాజును గూర్చిన ప్రశ్నయు, హరిశ్చంద్రుని వైభవమును గూర్చిన ప్రస్తావమును, రాజసూయసంకల్పమును ఆ వర్ణనమునుండియే పుట్టినవి. అనఁగా సభావర్ణనము కథకుఁ గారణమైనది. దుర్యోధనుఁడు మయసభను జూచినది వేఱొక రీతి. అతని చూపు పైతలముననే నిలిచినది. స్థలమును జలమనియు, జలమును స్థలమనియు భ్రమించెను. చూచినది యెంతయో యున్నను గొనిపోయినది యసూయ మాత్రమే. స్తంభముల లెక్కతో ముగియు యాత్రావ్యాసమున నసూయ లేకపోవచ్చును గాని, చూపు మాత్ర మా రెండవ రీతిదే.

తెనుఁగు యాత్రావాఙ్మయమునందును మంచి త్రోవ యున్నది. ఏనుఁగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదిని చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3వ తేదిని మరలివచ్చెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో నచ్చుపడెను. అందు మజిలీమజిలీకి బసయు, నీటివసతియు, అంగళ్లును, జనుల యాచారములును, పాలనవిశేషములును వ్రాయఁబడినవి. చూచిన చోటును అచ్చటివారి బ్రదుకుతోఁ గలిపి చూచుట యా రచనకుఁ గల బలము.

ఈ కొలమానమునే కర్నూలుజిల్లా పడమటిభాగమున కన్వయింపవచ్చును. ఆదవాని కొండకోటను వర్ణించువాఁడు విజయనగరమును, బిజాపురమును దలఁపక తీఱదు. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను గుంపిణీవారి కిచ్చిన సంగతియుఁ జెప్పకతీఱదు. స్వగ్రామపుఁ గోటకడ నింత జాగరూకుఁడగువాఁడు ఢిల్లీకిఁ బోఁగానే చరిత్రను మఱచుట విచిత్రము. ఆదవాని తాలూకా, దానిలోని యెమ్మిగనూరుతోఁ గూడ, 1953 వఱకు బళ్లారిజిల్లాలోనిది. ఆ యేఁటి 30వ చట్టమగు ఆంధ్రరాష్ట్రచట్టము ఈ వర్తులభవనముననే చర్చింపఁబడి యంగీకరింపఁబడెను. దానిచే ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునఁ జేరెను. బళ్లారిజిల్లాలో మిగిలిన భాగము మైసూరునకుఁ బోయెను. 1953 అక్టోబరు 1వ తేదిని గర్నూలు రాజధానిగా నాంధ్రరాష్ట్ర మవతరించెను. తరువాత ఆదవాని పేరిటనే యొక లోకసభానియోజకవర్గ ముండెను. 1957, 1962 ఎన్నికలందుఁ బెండేకంటి వెంకటసుబ్బయ్య యచ్చటినుండి యెన్నుకొనఁబడి యీ భవనమునఁ గూర్చుండెను. నేఁడు రెండు పట్టణములును గర్నూలు నియోజకవర్గమునఁ గలవు. కావున నీ సీమనుండి పోయినవాఁడు పరాయివారి మేడను జూచుట లేదు. తన తాలూకా యే రాష్ట్రమునఁ జేరవలెనో నిర్ణయింపఁబడిన చోటును జూచుచున్నాఁడు. ఈ మాట లేని వ్యాసము ఎమ్మిగనూరివాఁడు వ్రాసినదో, యే దూరదేశపువాఁడు వ్రాసినదో తెలియదు.

అలంకారశాస్త్రపు మాటలలోఁ జెప్పినచో, భవనము ఉద్దీపనవిభావము. అందుఁ గార్యము నడపినవారును, ఆ కార్యఫలము ననుభవించిన జనులును ఆలంబనము. ఆలంబన మెఱుఁగని యుద్దీపనము క్షణకాలపు విస్మయమునే పుట్టించును. ఆలంబనము మాఱినచో భావమును మాఱును. అదే శాలను, అదే చట్టమును దలఁచి ఆదవాని తెనుఁగువాఁడు సంతసింపవచ్చును. బళ్లారి పట్టణపుఁ దెనుఁగువానికిని, ఆదవానిలోఁ గాఁపురమున్న కన్నడిగునికిని ఆ తలఁపు వేఱుగా నుండవచ్చును. ఎల్ల యేర్పడినప్పుడు దాని కిరుప్రక్కల నిండ్లుండును. ఈ భేదమును గుర్తింపని వ్యాసము జయస్తోత్రమగును గాని వర్ణనము గాదు.

చట్టముల సంఖ్యలును, తేదులును రసమునకు విరోధులు గదా యని యొక యాక్షేపము రావచ్చును. అది కొంత నిజము. స్తంభముల పట్టికకు బదులు సభ్యుల పట్టిక చేర్చినంతమాత్రమున దోషము తొలఁగదు. నారదుని వర్ణనమును సజీవము గావించినది పేళ్ల బాహుళ్యము గాదు. వినువానికిఁ జెందిన పాండురాజు పేరు వానిలో నుండుట. వ్యాసకర్త యేఱుకొనవలసినదియు నట్టిదే. ఒక చట్టము, ఒక శాల, ఒక యూరు చాలును. అవి కుదిరిన పిదప శిల్పవర్ణనమునకును జోటు దొరకును.

2023 సెప్టెంబరు 19వ తేదినుండి పార్లమెంటు సమావేశములు ప్రక్కనున్న నూతనభవనమునకు మాఱినవి; పాతదానికి సంవిధానసదన మను పేరిడఁబడెను. సభ వెడలిపోయిన యింటఁ గంటికిఁ గానవచ్చునవి ఱాయియు, గోడలపై వ్రాయఁబడిన సంస్కృతవాక్యములును. సభాలక్షణమును జెప్పు భారతశ్లోకమును వానిలో నొకటి. అది పాఠశాలాపండితులకుఁ గొత్తది గాదు. సభ యనఁగాఁ గట్టడము గాదని యా గోడయే చెప్పుచున్నది. కనుక యాత్రావ్యాసమును దిద్దు పండితుఁడు విద్యార్థి నడుగవలసిన మొదటిప్రశ్న స్తంభము లెన్ని యని కాదు. అందుఁ గూర్చుండినవారు మన యూరికి నేమి చేసిరి యని. ఆ ప్రశ్నకు బదులు వ్రాసినవాని స్తంభవర్ణనము సైతము సార్థకమగును.