మార్చలేనివి ముందు

కౌన్సెలింగ్‌లో సీట్లు ఖరారయ్యే రోజుల్లో నా వాట్సాప్‌కి రెండేసి ఫొటోలు వస్తుంటాయి. రెండూ లాప్‌టాప్‌లే. కింద ఒకటే ప్రశ్న: "ఇందులో ఏది తీసుకోమంటావ్?" చుట్టాల పిల్లలు, స్నేహితుల పిల్లలు, పాత ఆఫీసువాళ్ల పిల్లలు... ఏళ్ల తరబడి ఈ పని నా దగ్గరికి వస్తూనే ఉంది. నాకూ ఇష్టమైన పనే. నెల జీతం మీద నడిచే ఇంట్లో యాభై వేలు చిన్న మొత్తం కాదు. నాలుగేళ్ల చదువు దాని మీదే సాగాలి. అందుకే ఫొటోలు చూసి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేయను. ఫోన్ ఒకసారి పిల్లలకి ఇవ్వమంటాను.

రెండేళ్ల కిందట మా చెల్లెలి కొడుక్కి సీఎస్‌ఈలో సీటొచ్చింది. తెనాలి నుంచి బావ ఫొటోలు పంపాడు. మొదటిది సన్నగా, తేలికగా ఉంది: రైజెన్ 5 7520యూ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్. రెండోది రెండు కిలోలు దాటిన లావుపాటి లాప్‌టాప్: ఇంటెల్ ఐ5-12450హెచ్, 8 జీబీ ర్యామ్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 2050 గ్రాఫిక్స్. రెండోదాని ధర ఎనిమిది వేలు ఎక్కువ.

"మొదటిదే కదా బావా మంచిది? ర్యామ్ డబుల్, నంబరు కొత్తది, రేటూ తక్కువే. వాడికి కావలసింది చదువుకే కదా," అన్నాడు ఫోన్లో.

మేనల్లుడు ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లి గొంతు తగ్గించాడు. "మామయ్యా, హాస్టల్లో సీనియర్లంతా వాలరెంట్ ఆడతారంట. జీటీఏ 5 కూడా నడిస్తే బాగుండు. నాన్నకి చెప్పకు."

చాలా ఇళ్లలో కొనుగోలు దారి తప్పేది ఈ "చెప్పకు" దగ్గరే. తండ్రి ఒక అవసరానికి కొంటాడు, పిల్లాడు ఇంకో అవసరానికి వాడతాడు. ఆరు నెలలకే "ఇంత పోసి కొంటే స్లో అంటాడేంటి" అని గొడవ మొదలవుతుంది. ఆ సంగతి బావకి నేనే చెప్పాను. వాడేమీ అడగరానిది అడగలేదని, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇల్లు వదిలి వెళ్తున్నాడని, రాత్రి ఒక గంట నలుగురితో కలిసి ఆడుకోవడం ఆ వయసుకి తిండీ నిద్రా లాంటి అవసరమేనని చెప్పాను. ఆట పేరు దాచిపెట్టి కొంటే డబ్బు వృథా అవుతుందని కూడా చెప్పాను. బావ కాసేపు ఆలోచించి, "సరే, ఆ ఆటలకి ఏం కావాలో చూడు" అన్నాడు.

ఆట పేరు తెలిస్తే సగం పని అయినట్టే. వాలరెంట్ చాలా తేలికైన ఆట. 2020లో విడుదలైనప్పుడు కనీస అవసరంగా చెప్పింది ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్‌ని. అది 2012 నాటిది. జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015లో. దాని ఒక్కదానికే డిస్కులో వంద జీబీ పైన పోతుంది, గ్రాఫిక్స్ మీద భారమూ ఎక్కువే. మొదటి లాప్‌టాప్ తేలిపోయింది ఇక్కడే.

7520యూ అనే నంబరు చూస్తే ఏడువేల సిరీస్, అంటే కొత్తది అనిపిస్తుంది. ఏఎండీ ఈ నంబర్ల పద్ధతిని 2022లో ప్రకటించింది. అందులో మొదటి అంకె ఏ సంవత్సరపు మోడలో చెబుతుంది. లోపలి నిర్మాణం ఎంత పాతదో చెప్పేది మూడో అంకె. ఇక్కడ ఆ అంకె 2. అంటే 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. గ్రాఫిక్స్ రేడియన్ 610ఎం, దానికి ఉన్నది రెండే కంప్యూట్ యూనిట్లు. 2021లో వచ్చిన రైజెన్ 5 5500యూ కూడా జెన్ 2యే. కానీ దానికి ఆరు కోర్లు, గ్రాఫిక్స్‌కి ఏడు యూనిట్లు ఉంటాయి. నంబరు చిన్నదైనా సరుకు ఎక్కువ. ఇక 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. 7520కీ 7530కీ కాగితం మీద తేడా ఒక్క అంకె. వాడకంలో అవి రెండు వేర్వేరు తరగతుల లాప్‌టాప్‌లు. ఐడియాప్యాడ్ స్లిమ్ 3 అనే ఒకే పేరు మీద రెండూ దొరుకుతాయి. మోడల్ చివర ఏఎంఎన్8 అని ఉంటే మొదటి రకం, ఏబీఆర్8 అని ఉంటే రెండో రకం. డబ్బా మీది పెద్ద అక్షరాలు వదిలేసి ఈ చిన్న అక్షరాలు చదవమని అడిగిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

మరి 16 జీబీ ర్యామ్ సంగతి? బావని బాగా ఊరించింది అదే. 7520యూకి పనికొచ్చేది ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్. అది మదర్‌బోర్డుకే అతికి వస్తుంది, ఊడదీయలేం, ఇంకోటి చేర్చలేం. రెండోదాంట్లో ఉన్నది 8 జీబీయే అయినా, పక్కన ఇంకో స్లాట్ ఖాళీగా ఉంది.

ఇలాంటివి రెండు ఎదురుగా ఉన్నప్పుడు తర్వాత మార్చుకోలేనివాటిని ముందు చూస్తాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్, స్క్రీన్, కీబోర్డు, లోపలి ఫ్యాన్లు, బరువు. ఇవి కొన్న రోజు ఎలా ఉంటే నాలుగో ఏడాదీ అలాగే ఉంటాయి. స్లాట్ ఉంటే ర్యామ్ పెంచుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలకపోతే 1 టీబీ వేయించుకోవచ్చు. అమ్మేవాళ్లు మాత్రం మార్చుకోగలిగినవాటినే పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఎందుకంటే అంకె పెద్దదైతే కన్ను అటే పోతుంది.

గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి కూడా నిశ్చింతగా ఉండలేం. ఆర్‌టీఎక్స్ 3050 అన్న ఒక్క పేరు మీదే 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా రకరకాలుగా వస్తాయి. తక్కువ వాట్లది లో ఓల్టేజీలో బోరు మోటారు లాంటిది, తిరుగుతుంది గానీ నీళ్లు సరిగా ఎక్కవు. 2050కి 30 నుంచి 45 వాట్లు. మెమరీ 4 జీబీయే, దాంట్లోకి డేటా వెళ్లే దారి కూడా 64 బిట్లకే పరిమితం. ఈ ఏడాది విడుదలైన పెద్ద ఆటలు ఆడాలంటే అది చాలదు. మా వాడు అడిగిన రెండింటికీ మాత్రం హాయిగా సరిపోతుంది.

"ఏఐ చదవాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండి తీరాలి" అని షాపుల్లో చెబుతుంటారు. బీటెక్ పిల్లల తల్లిదండ్రులు ఆ మాటకి డబ్బు పోయనక్కర్లేదు. సిలబస్‌లోని ప్రాజెక్టులు చాలావరకు గూగుల్ కొలాబ్‌లో, బ్రౌజర్‌లోనే ఉచితంగా చేసుకోవచ్చు. మెకానికల్, ఆర్కిటెక్చర్ పిల్లల సంగతి వేరు. త్రీడీ మోడళ్లు తిప్పాలంటే కార్డు పనికొస్తుంది. సీఎస్‌ఈ వాళ్లకి అంతకంటే ముఖ్యం ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియోని ఎమ్యులేటర్‌తో కలిపి నడపాలంటే 16 జీబీ ఉండాలని గూగులే చెబుతోంది.

వీలైతే ఆన్‌లైన్‌లో నొక్కేముందు ఒకసారి దుకాణానికి వెళ్లమంటాను. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌లో సీటీసీ, అదే చినాయ్ ట్రేడ్ సెంటర్, ఉండనే ఉంది. డిస్‌ప్లేలో పెట్టిన లాప్‌టాప్‌ని ఎవరైనా తాకి చూడొచ్చు. స్క్రీన్‌ని పక్కనుంచి, పైనుంచి చూడాలి. రంగులు తిరగబడినట్టు కనిపిస్తే అది టీఎన్ ప్యానెల్, వద్దనుకోవచ్చు. ఈ ధరలో చాలావాటికి ఎన్‌టీఎస్‌సీ 45 శాతం రంగులు, 250 నిట్ల వెలుతురే ఉంటాయి. కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలు వెలిసినట్టుంటాయి. 300 నిట్లున్నది దొరికితే వెయ్యి ఎక్కువైనా నయం, ఎందుకంటే రాత్రింబవళ్లు ఆ తెరనే చూడబోయేది పిల్లల కళ్లు. కీబోర్డు మీద రెండు వాక్యాలు టైప్ చేయాలి. మధ్యలో నొక్కితే పలక కిందికి వంగుతోందా అని చూడాలి.

తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే, ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుతున్నారో అక్కడే ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌కి ఇది మరీ ముఖ్యం. వాటి గ్రాఫిక్స్ పనిచేసేది ర్యామ్‌ని పంచుకుని. ఒకే స్టిక్ ఉంటే దారి సగమే. ఇంటెల్ పదకొండు, పన్నెండో తరం యూ ప్రాసెసర్లలో ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు కనిపించాలన్నా రెండు చానెళ్లలో ర్యామ్ ఉండాలి. ఒక్కటే ఉంటే యూహెచ్‌డీ అని చూపిస్తుంది. అదే చిప్, అదే ధర, ఆటలో మాత్రం స్పష్టమైన తేడా.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీరిపోర్ట్ నడిపించుకోవాలి. కొత్తలో బ్యాటరీ సామర్థ్యం ఎంత, ఇప్పుడు ఎంత అన్నది అందులో పక్కపక్కనే వస్తుంది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువి తీసుకోవద్దంటాను. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, వాటికి 11 అధికారికంగా రాదు.

మేనల్లుడికి రెండోదే కొన్నాం. అయితే అందరికీ అదే చెప్పను. ఓ స్నేహితురాలి కూతురు రోజూ మియాపూర్‌లో మెట్రో ఎక్కి డిగ్రీ కాలేజీకి వెళ్తుంది. ఆడేది మైన్‌క్రాఫ్ట్, అదీ సెలవుల్లో. క్లాసులో ప్లగ్ దొరకదు. రెండు కిలోల పైన లాప్‌టాప్, దానికి ఇటుకంత ఛార్జరు భుజాన వేసుకుని ఆ రద్దీలో నిలబడటం ఆ పిల్లకి శిక్ష. ఆమెకి చెప్పింది కార్డు లేని 7530యూనే, 16 జీబీతో. మైన్‌క్రాఫ్ట్‌కి దానిలోని ఏడు యూనిట్ల వేగా గ్రాఫిక్స్ చాలు. బ్యాగు తేలిక, సాయంత్రం దాకా చార్జింగ్ ఉంటుంది.

మా వాడు మొదటి ఏడాది 8 జీబీతో నెట్టుకొచ్చి, సెలవుల్లో ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ వేయించుకున్నాడు. అప్పట్లో ఆ స్టిక్ చవకగానే దొరికింది. 2025 చివరి నుంచి మెమరీ తయారీ ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకని ఇప్పుడు అడిగేవాళ్లకి "తర్వాత వేయించుకోవచ్చులే" అని చెప్పడం లేదు. స్లాట్ ఖాళీగా ఉన్నా సరే, 16 జీబీతో వచ్చేదే చూసుకోమంటున్నాను. బడ్జెట్ దాటుతుంటే ఎస్‌ఎస్‌డీ దగ్గర తగ్గించుకోమంటున్నాను. బిల్లు వేయించేముందు, రిపేరుకి మనిషి హాస్టల్‌కే వస్తాడా లేక మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలా అన్నది అడిగి రాయించుకోమంటున్నాను.