తండ్రి ఒప్పుకున్న తర్వాత

గురిందర్ చద్దా తీసిన 'బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్' (2002)లో జెస్ పోరాటమంతా ఇంట్లోనే. చపాతీలు గుండ్రంగా చెయ్యడం రాని పిల్లని కోడలుగా ఎవరు చేసుకుంటారని తల్లి బెంగ. చివరికి తండ్రి సరేనంటాడు. జెస్, జూల్స్ అమెరికా విమానమెక్కుతారు. కథ సుఖాంతం.

ఇంతకీ ఆ గడప దాటాక ఏముంది? జూల్స్ కలలుగన్న అమెరికా మహిళల ఫుట్‌బాల్ లీగ్ 2001లో ఎనిమిది జట్లతో మొదలై, 2003 సెప్టెంబరులో డబ్బు లేక మూతపడింది. అదీ సొంతగడ్డమీద ప్రపంచకప్‌కి అయిదు రోజుల ముందు! 2009లో వచ్చిన రెండో లీగ్ మూడు సీజన్లే ఆడింది. 2013లో పుట్టిన మూడోది నిలబడింది.

నిలబడిన చోటయినా భద్రత ఉందా? కోచ్‌ల లైంగిక వేధింపుల గురించి ఆటగత్తెలు ఏళ్ళతరబడి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. 2021 అక్టోబరు 6న ఆరో నిమిషంలో ఆట ఆపేసి, మైదానం మధ్యలో చేతులు కలిపి నిలబడ్డారు. ఇది ఒకరిద్దరి తప్పు కాదు, లీగ్ అంతటా పాతుకుపోయిందని 2022లో శాలీ యేట్స్ నివేదిక తేల్చింది.

ఇప్పుడు సినిమా మళ్ళీ చూస్తే, కోచ్ జో, జెస్‌ల ప్రేమ దగ్గర మనసు ఆగిపోతుంది. జట్టులో ఎవరు ఆడాలో నిర్ణయించేది అతనే కదా! తండ్రి చేతిలోని అధికారాన్ని అంత బాగా గుర్తించిన సినిమా, కోచ్ చేతిలోని అధికారాన్ని మాత్రం ప్రేమగానే చూసింది.

కొత్త క్రీడాకారిణులను జట్లు పంచుకునే డ్రాఫ్ట్ పద్ధతిని 2024లో వాళ్ళ యూనియన్ రద్దు చేయించింది. ఏ జట్టుకి ఆడాలో ఇక వాళ్ళే మాట్లాడుకుంటారు. ఇది ఏ తండ్రీ ఇచ్చిన అనుమతి కాదు.