కేదారగౌరీ వ్రతకథ : ఒక పరిశీలనము

చిత్తూరు జిల్లాలో కాణిపాకక్షేత్రమునకు నెలవైన ఐరాల ప్రాంతమున దీపావళి యనిన నోముల పండుగ. ఆశ్వయుజ బహుళ అమావాస్యనాడు, నోము గల యిండ్లలో ముత్తైదువలు పగలెల్ల నుపవసించి, ప్రదోషవేళ కేదారేశ్వరుని గౌరీసహితముగా నర్చించి, 21 పోగుల తోరమును ధరింతురు. నైవేద్యమునందును 21 సంఖ్యయే ప్రధానము.

ఈ నోమును భర్త దీర్ఘాయువునకై చేయు వ్రతములలో నొకటిగా గణించుట వాడుక. కథను శ్రద్ధతో చదివినవారికి ఈ నిర్ణయము సమంజసముగా దోచదు. సావిత్రి కథలో భర్తకు మృత్యువు ఆసన్నమైనది. ఉత్తరదేశపు కర్వాచౌత్ కథలోను పతిప్రాణమే పణము. కేదారగౌరీ కథలో గౌరీపతికి ప్రాణగండము లేదు. ఇందలి ప్రశ్న గౌరవమునకు సంబంధించినది.

భృంగి గౌరిని విడిచి శివునకు మాత్రమే ప్రదక్షిణము చేసెను. కారణమడిగిన గౌరితో శివుడు, పరమార్థమెఱిగిన యోగులకు నీవలన ప్రయోజనము లేదని పలికెను. అవమానించినవాడు భక్తుడు, దానిని సమర్థించినవాడు భర్త. గౌరి కైలాసమును వీడి, గౌతమమహర్షి యుపదేశమున వ్రతమాచరించి, శివుని శరీరమున నర్ధభాగమును బడసినది. ఆమె కోరినది పతికి ఆయువు కాదు, తనకు స్థానము. ఇకమీద నామెను విడిచి శివునకు మ్రొక్కదలచినవాడు సగము దేవునకే మ్రొక్కవలసివచ్చును.

ఉత్తరభాగమున కథాస్వరము మాఱినది. ఉజ్జయినిలో నొక బీదవైశ్యుని కుమార్తెలు పుణ్యవతి, భాగ్యవతి. సంభారములు సమకూర్పలేనని తండ్రి యనగా, అనుమతియే చాలునని వారు మఱ్ఱిచెట్టు క్రింద తోరములు గట్టుకొని పూజించిరి. ఇంతవరకు కథ రమ్యము. పిదప భాగ్యవతి వ్రతము మానుటచే సిరి నశించుట, తోబుట్టువు పంపిన ధనము త్రోవలోనే పోవుట, తిరిగి నోచిన పిమ్మట సంపద గలుగుట చెప్పబడినవి. ఈ భాగము బోధించునది భయము.

మన యిండ్లలో నెక్కువగా నిలిచినది ఈ భయమే. నోము అత్తనుండి కోడలికి వచ్చును; మానినచో కీడగునను శంకయు దానితోడనే వచ్చును. ఒడలు బాగులేని యిల్లాలును ఉపవాసము విడువ వెఱచును. సంభారములు లేకున్నను శ్రద్ధ చాలునని మఱ్ఱిచెట్టు ఘట్టము చెప్పుచుండగా, ఈ వెఱపునకు కథయందే సమాధానము కలదు. గౌరిని వ్రతమునకు పురికొల్పినది భయము కాదు, అభిమానము. కథ చెప్పువారు భాగ్యవతి దారిద్ర్యమును విస్తరించి, గౌరి ప్రశ్నను రెండు మాటలలో దాటిపోవుట ఉచితము కాదు. కథకు ప్రాణము ఆ ప్రశ్నయే.