ఫార్మాట్ కొట్టకముందు

ఇంట్లో కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందంటే మన దగ్గర వినిపించే మొదటి మాట వైరస్, రెండో మాట ఫార్మాట్. మూడో మాట దాకా ఎవరూ వెళ్లరు. సర్వీసు కుర్రాడు బ్యాగు కింద పెట్టకముందే 'ఫార్మాట్ కొట్టేద్దాం సార్' అంటాడు. ఇంటాయన పిల్లల ఫొటోల గురించి కాసేపు గునిసి, చివరికి సరేనంటాడు. చుట్టాలిళ్లల్లో ఏ కంప్యూటర్ మూలిగినా ఫోను నాకే వస్తుంది కాబట్టి ఈ తంతు చాలాసార్లు చూశాను. దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగి ముగ్గు పెట్టినట్టుంటుంది నాకు.

వైరస్ అనుమానం మాత్రం ఊరికే పుట్టలేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్‌కి నెట్ కనెక్షన్ ఇవ్వగానే తెర మీద ఒక పెట్టె తెరుచుకుని, అరవై నుంచి అంకెలు తగ్గుతూ వచ్చి, సున్నా కాగానే సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. మళ్లీ కనెక్ట్ చేస్తే మళ్లీ అదే. దానికి మందు మైక్రోసాఫ్ట్ జులైలోనే ఇచ్చింది కానీ, డయలప్ మీద దాన్ని దించుకునేలోపు అరవై సెకన్లు అయిపోయేవి. రన్ బాక్సులో 'షట్‌డౌన్ మైనస్ ఏ' అని కొడితే ఆ లెక్క ఆగేది. అది తెలిసినవాడికి అప్పట్లో నెట్ సెంటర్లలో మంత్రగాడికున్నంత మర్యాద. మరుసటేడు సాసర్ వచ్చి అదే ఆట ఆడింది. ఆ వర్మ్‌లు పోయి ఇన్నేళ్లయినా భయం మాత్రం మన నోళ్లలో ఉండిపోయింది.

నేను చూసిన కేసుల్లో దోషం ఎక్కువగా అంతకంటే మోటుది: దుమ్ము, వేడి, కదిలిన ర్యామ్, లోపలి భాగాలకు కరెంటు అందించి అందించి అలిసిపోయిన ఎస్‌ఎమ్‌పీఎస్. ఏది అన్నది తేలాలంటే ముందు ఒక విషయం విడదీసుకోవాలి. విండోస్ తనకు తానే చేతులెత్తేసిందా, లేక దాని కాళ్ల కింద కరెంటే పోయిందా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎందుకంటే ఏదైనా పెద్ద లోపం తగిలి నీలం తెర వచ్చినా, వెంటనే రీస్టార్ట్ అవమని విండోస్‌లో ముందే టిక్ పెట్టి ఉంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద, స్టార్టప్ అండ్ రికవరీలో ఆ టిక్ తీసేస్తే నీలం తెర కళ్లెదుట నిలబడుతుంది, దాని మీద లోపం పేరూ ఉంటుంది. టిక్ తీసేశాక కూడా ఏ తెరా లేకుండా ఠపీమని ఆరి వెలిగితే, అనుమానం కరెంటు వైపు తిప్పాలి. కంప్యూటర్‌ని బయోస్ తెర దగ్గర ఆపి ఊరికే వదిలేసి చూడొచ్చు. అక్కడ కూడా రీస్టార్ట్ అయిందంటే విండోస్‌కి పాపం తెలియదు, ఫార్మాట్ చేసినా ఒరిగేదేమీ లేదు.

వేడి సంగతి వేరు. ప్రాసెసర్ కాగితే ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆరిపోతుంది. చాలావరకు ఆరిన చోటే ఉంటుంది, వెంటనే లేవదు. ర్యామ్ తేడా చేస్తే నీలం తెర మీద ఒక్కోసారి ఒక్కో పేరు కనిపిస్తుంది. ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టడం మన మెకానిక్కుల పాత వైద్యం. చాలాసార్లు పనిచేస్తుంది, నేనూ చేస్తాను. కేబినెట్ మీద రీసెట్ బటన్ లోపలికి ఇరుక్కుపోయి కూడా ఇలా జరుగుతుంది. బోర్డు మీంచి దాని వైర్లు ఊడదీస్తే తేలిపోతుంది, పైసా ఖర్చు లేదు.

తెనాలిలో మా పిన్నిగారబ్బాయి ఇంటి ముందు గదిలో డీటీపీ చేస్తాడు. వైశాఖంలో ముహూర్తాలు, శుభలేఖల పని మీద ఉన్నప్పుడు ఫోన్ చేశాడు.

"అక్కా, రోజూ చచ్చిపోతోంది. షాపతను ఫార్మాట్ అంటున్నాడు."

ఫార్మాట్ అంటే వాడికి హడల్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి, కీబోర్డు అలవాటైన పద్ధతికి తెచ్చుకోవాలి.

"ఆగరా. ఎప్పుడు చస్తోంది?"

"ఎప్పుడంటే అప్పుడే."

ఆ జవాబు నేనెప్పుడూ నమ్మను. ఆరినప్పుడల్లా టైము గోడ క్యాలెండర్ మీద రాయమన్నాను. తర్వాత ఫోన్లోనే ఈవెంట్ వ్యూయర్ తెరిపించాను. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ కింద ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్, 41 అని వరసగా ఉన్నాయి. ఆ నంబరు చూసి అదే రోగమనుకుని కంగారు పడతారు జనం. కిందటిసారి సిస్టమ్ పద్ధతిగా మూతపడలేదని, మళ్లీ లేచాక విండోస్ రాసుకునే మాట అది. అందులో బగ్‌చెక్ కోడ్ ఎదుట సున్నా ఉంది. నీలం తెర రాలేదన్నమాట. అప్‌డేట్ కోసం విండోసే రీస్టార్ట్ చేసి ఉంటే 1074 అని కనిపించేది, అదీ లేదు.

క్యాలెండర్ మీది టైములకీ వీధిలో కరెంటు పోయిన టైములకీ సరిపోయింది.

"ఇన్వర్టర్ ఉందిగా అక్కా, ఫ్యాను కూడా ఆగదు" అన్నాడు.

ఫ్యాను ఆగదు, ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్‌కి ఆ ఓపిక లేదు. మన కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపుకి 20 మిల్లీసెకన్లు. కరెంటు ఆగినా పూర్తి లోడు మీద 17 మిల్లీసెకన్ల పాటు వోల్టేజి పడనివ్వకూడదని చాలాకాలం ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు పెట్టిన లెక్క. అంటే ఒక్క ఊపు కూడా నిండదు. తక్కువ లోడు మీద ఇంకాస్త ఎక్కువసేపు లాగుతుంది. ఆ గడువు దాటితే ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి బోర్డుకి వెళ్లే 'పవర్ గుడ్' సంకేతం పడిపోతుంది, బోర్డు అంతటితో రీసెట్ అవుతుంది. ఇక ఇళ్లలోని ఇన్వర్టర్లు చాలావాటికి వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది: నార్మల్, యూపీఎస్. యూపీఎస్ వైపు ఉంటే బ్యాటరీకి చటుక్కున మారుతుంది. నార్మల్ వైపు ఉంటే తీరిగ్గా మారుతుంది, నలభై మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. ఆ స్విచ్ సంగతి బిగించినవాడు చెప్పడు, మనం అడగం. వాడిది నార్మల్ మీదే ఉంది.

"మరి నిరుటిదాకా ఇదే ఇన్వర్టర్, ఇదే కంప్యూటర్. బాగానే నడిచిందిగా?"

మంచి ప్రశ్న. కరెంటు ఆగిన ఆ కాసేపూ ఎస్‌ఎమ్‌పీఎస్‌ని లాక్కొచ్చేది లోపలున్న పెద్ద కెపాసిటర్. ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి అందులోని ద్రవం ఆరి దాని పట్టు తగ్గుతుంది. నిరుడు ఆ ఖాళీని ఎలాగో దాటేసింది, ఈ ఎండలకి దాటలేకపోతోంది. ఇన్వర్టర్‌దా తప్పు, ఎస్‌ఎమ్‌పీఎస్‌దా అంటే చెప్పడం కష్టం. రెండూ కలిస్తేనే ఈ రోగం.

స్విచ్ యూపీఎస్ వైపు తిప్పాడు, రీస్టార్టులు ఆగాయి. కానీ సాయంత్రాలు వోల్టేజి పడిపోయే వీధి వాళ్లది. యూపీఎస్ మోడ్‌లో 180 వోల్టుల కిందికి దిగితే చాలా ఇన్వర్టర్లు కరెంటు ఉన్నా లేనట్టే లెక్కేసి బ్యాటరీ మీదికి పోతాయి. రాత్రి నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీలో సగమే మిగిలింది, పిన్ని ఫ్యాను ఆగింది, నాకు ఫోనొచ్చింది. మళ్లీ నార్మల్‌కే తిప్పించాను. ఎస్‌ఎమ్‌పీఎస్ కొత్తది వేయిస్తానన్నాడు కానీ, నలభై మిల్లీసెకన్ల ఖాళీని కొత్తది మాత్రం ఎన్నాళ్లు మోస్తుంది? కంప్యూటర్‌కి మటుకు విడిగా చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోమన్నాను. ఇన్వర్టర్ మారేలోపు ఆ సందు అది పూడుస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటుని కొన్ని యూపీఎస్‌లు ఒప్పుకోవు, వాటి బ్యాటరీ మీదే నడిచి కాసేపటికి కూలబడతాయి. అందుకని ముందు తన ఇన్వర్టర్ సైన్ వేవా కాదా చూసుకుని, నప్పకపోతే వాపసు తీసుకునేలా షాపులో మాట్లాడుకుని కొనమన్నాను.