వాగు ముందు రివర్స్ గేరు

ఆ రాత్రి నేను క్షేమంగా ఇల్లు చేరాను. ముప్ఫై ఏళ్ల డ్రైవింగులో నేను చేసిన అతి పెద్ద తప్పు అదేనని తెల్లారాక గానీ తెలియలేదు.

మా ఊరికీ మండల కేంద్రానికీ మధ్య ఒక వాగు, దాని మీద చప్టా. ఎండాకాలంలో మేకలు పడుకునే చోటది. ఆ రోజు మాకు పడింది తుంపరే. వాన పైన ఎక్కడో దంచింది. నేను చేరేసరికి రాత్రి తొమ్మిది. హెడ్‌లైట్ల వెలుగులో ఎర్రనీళ్లు చప్టా మీదుగా పారుతున్నాయి. అంచున పాతిన రాళ్ల తలలు ఇంకా కనిపిస్తున్నాయి. నా ముందే ఒక ట్రాక్టరు దాటిపోయింది. అంతలో అమ్మ ఫోన్.

"ఎక్కడున్నావురా?"

"వాగు దగ్గరే అమ్మా. నీళ్లు పోతున్నాయి."

"మెల్లగా వచ్చెయ్ నాన్నా, అన్నం పెట్టుకుని కూర్చున్నా."

ఫస్ట్ గేరులో పెట్టి దిగాను. నడిమధ్యకు వచ్చాక బండి వెనక భాగం పక్కకు జరిగింది. స్టీరింగ్ తిప్పాను. ఒక్క క్షణం బండి నా మాట వినలేదు. ఆ తర్వాత టైర్లకు నేల తగిలింది, ఒడ్డెక్కాను. అన్నం తింటూ ఆ సంగతి గొప్పగా చెప్పాను కూడా.

పొద్దున నీళ్లు తీశాక వెళ్లి చూస్తే, చప్టా దిగువ అంచు మూడు బారల మేర లేదు. మిగిలిన సిమెంటు పెచ్చు కింద మట్టంతా కోసుకుపోయి గుహలా ఉంది. నా కుడి చక్రాలు పోయింది ఆ పెచ్చు మీదుగానే. కర్ర వేసి నీటి లోతు కొలవచ్చు. ఆ నీటి కింద రోడ్డు ఎంత మిగిలిందో కొలిచే కర్ర లేదు.

మా తాతకు ఎడ్లబండి ఉండేది. ఎత్తు చక్రాలు, ఆకుల మధ్య సందులు, వచ్చిన నీరు వచ్చినట్టే అవతలికి పోయేది. ఎడ్లు నీటి అంచున ముట్టె దించి వాసన చూసి మొరాయిస్తే ఆయన చర్నాకోల ఎత్తేవాడు కాదు. కాడి దించి, వాటికి గడ్డి వేసి, ఒడ్డునే పడుకునేవాడు. కారుకు ఆ సందులూ లేవు, మొరాయించే ఎడ్లూ లేవు. అద్దాలెత్తితే అదొక మూసిన పెట్టె. పెట్టె నీటిలో తేలుతుంది.

ఈ లెక్క నేను కాగితం మీద వేసుకున్నాను. చిన్న కారు, లోపల ఇద్దరు మనుషులు, మొత్తం సుమారు వెయ్యి కిలోలు. మనం కూర్చునే భాగం అడుగు వైశాల్యం దాదాపు 4 చదరపు మీటర్లు. నీరు ఆ అడుగును దాటి ఒక్కో సెంటీమీటరు పెరిగిన కొద్దీ బండిని 40 కిలోల మేర పైకెత్తుతుంది. 25 సెంటీమీటర్లు పెరిగితే చాలు, వెయ్యి కిలోలూ నీటి మీదే. నేలకూ బండి అడుగుకూ మధ్య ఉండే 17 సెంటీమీటర్లు కలిపినా 42. అది మోకాటి లోతు కూడా కాదు. అంతకు ముందే టైర్లకు పట్టు తగ్గిపోతుంది. బరువైన ఇంజన్ ముందుంటుంది కాబట్టి ముందు తేలేది వెనక భాగం. ఆ రాత్రి పక్కకు జరిగింది అదే. ఇక ప్రవాహం వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. రెండడుగుల నీటి వరద పెద్ద ఎస్‌యూవీలను సైతం లాక్కుపోగలదని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ఏళ్లుగా హెచ్చరిస్తోంది.

2024 ఆగస్టు 31న గుంటూరు జిల్లా ఉప్పలపాడు దగ్గర, బడి నుంచి పిల్లలను ఇంటికి తీసుకొస్తున్న కారు వాగులో కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయారు. ఆ మర్నాడే మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఒక కారును లాక్కుపోయి తండ్రినీ కూతురినీ పొట్టన పెట్టుకుంది. వాళ్లెవరూ సాహసం చేద్దామని బయల్దేరినవాళ్లు కారు. ఇంటికో, ఊరికో పోతున్నవాళ్లు. నాకూ వాళ్లకూ మధ్య ఉన్న తేడా కొన్ని సెంటీమీటర్ల నీరు. నా నేర్పు అందులో ఏమీ లేదు.

నగరంలో నిలిచిన నీరు ప్రాణం దాకా రాకపోయినా ఇంజన్‌ను తీస్తుంది. గాలి పీల్చే గొట్టంలోంచి నీరు సిలిండర్లోకి పోతే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీటిలో ఆగిన బండికి మళ్లీ తాళం తిప్పకండి. మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా ఈ ఇంజన్ నష్టం ఇవ్వదు, దానికి విడిగా కట్టుకోవాలి.

బండి తేలడం మొదలైతే మాత్రం తలుపుతో కుస్తీ పట్టకండి. తలుపు కింది అంచు నుంచి సగం మీటరు ఎత్తుకు నీరొస్తే తలుపు మీద వంద కిలోలకు పైగా ఒత్తిడి ఉంటుంది. బెల్టు విప్పాలి, కరెంటు పోకముందే అద్దం దించాలి, పిల్లలను ముందు బయటికి పంపాలి, కిటికీలోంచి బండి పైకి ఎక్కాలి. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టాలి. ముందు అద్దం పొరల గాజు, అది బీటలు వారినా ఊడి రాదు.

నేనిప్పుడు బండి నేర్చుకునే పిల్లలకు చీకట్లో, ఇరుకు రోడ్డు మీద రివర్స్ తిప్పడం నేర్పుతున్నాను. వాగు ఒడ్డున పనికొచ్చే విద్య అదొక్కటే. వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటే కిందికి దిగి, అందరినీ జరగమని అడిగి, వచ్చిన దారినే పోవడానికి గుండె కావాలి. ట్రాక్టరు దాటింది కదా అనుకోకూడదు. దాని చక్రం ఎత్తెంత, మన చక్రం ఎత్తెంత?

ఈ మాట బండి నడిపేవాళ్లకంటే ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు చెప్పాలని ఉంది. అమ్మ ఆ రాత్రి ప్రేమతోనే పిలిచింది. ఈ వానాకాలం మీవాళ్లెవరైనా ఒడ్డున ఆగి ఫోన్ చేస్తే "మెల్లగా వచ్చెయ్" అనకండి. "అక్కడే ఎవరింట్లోనైనా పడుకో, పొద్దున రా" అనండి.