కలంకారీకి ముందు పెరడు కట్టుకోవాలి

రేణిగుంట చుట్టుపక్కల కొత్తగా కట్టే ఇళ్లలో ప్రహరీ దాకా శ్లాబు వేసేసి పెరడు లేకుండా చేయడం వాడుకైపోయింది. ఇంటి వెనక పనిచోటు కావాలనుకునేవాళ్లు కూడా ముందు గది కొలతలు వేసుకుని, పనిని అందులో ఎలా ఇరికించాలా అని తర్వాత ఆలోచిస్తారు. ఇది తలకిందుల పద్ధతి. పని వరస తెలిస్తే కొలతలు వాటంతటవే తేలతాయి. పాతిక కిలోమీటర్ల దూరంలోని శ్రీకాళహస్తి కలంకారీయే ఇందుకు సాక్ష్యం. ఆ పనిలో పెరడు కుదరకపోతే ఎంత గొప్ప చేయి అయినా మంచి గుడ్డ తీయలేదు.

గంజి పోయేదాకా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో తడిపి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలలోని కొవ్వు పట్టకపోతే కలం గీత గుడ్డలోకి పాకిపోతుంది. నీడలో మెల్లగా ఆరితే వాసన పడుతుంది. అందుకని అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది ఎండ ఏ మూల ఎంతసేపు ఉంటుందన్నది. ఆరవేసే దండెం ఆ మూలకే పోవాలి. ఇక నలుపు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే కసిం తయారవుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే అది నల్లబడుతుంది. ఆ కుండ పటిక నీళ్లకూ ఎరుపు కాచే కాగుకూ దూరంగా ఉండాలి, ఇనుము సోకితే ఎరుపు మసకబారుతుంది. కాగు రాగిదైతే ఆ భయం లేదు. పొయ్యి పొగ బొమ్మ వేసేచోటికి రాకూడదు. బొమ్మ వేసేచోటికి మాత్రమే పైకప్పు కావాలి. పెంకులదైతే వేడి తక్కువ. ఉత్తరం వైపు తెరిచి పెడితే రోజంతా ఒకే తీరు వెలుతురు వస్తుంది, నేల మీద కూర్చుని గీసేవారి కంటికి అదే ముఖ్యం.

అన్నిటికన్నా కష్టం నీళ్లతోనే. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఆరాక ఉతికి, చిరివేరు గానీ మంజిష్ఠ గానీ వేసి కాస్తే పటిక ఉన్నచోటే రంగు నిలుస్తుంది. ఆ ఉతుకు పారే నీళ్లలోనే జరగాలి. నిలవ నీళ్లలో ఊడిన పటిక పక్కకు అంటుకుని, అక్కర్లేని చోట ఎరుపు తెస్తుంది. తరతరాలుగా స్వర్ణముఖి ఆ పని చేసిపెట్టింది. ఇప్పుడు నదిలో ఏడాది పొడవునా నీళ్లుండవు కాబట్టి పెరట్లో ఎత్తుగా ఒక తొట్టి, కింద ఏటవాలుగా ఒక గ్రానైటు బండ, చివర కాలువ కావాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాననీళ్లు పట్టుకోవడమే మేలు. మనకు ఈశాన్య వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ నెలల్లో తొట్టి నిండుతుంది, ఆరవేత ఆగుతుంది, పని వరస దాన్నిబట్టే వేసుకోవాలి.

ఇంత శ్రమ దేనికంటే ఆ గీత కోసం. వెదురు పుల్ల మొన చెక్కి, పైన ఉన్ని చుట్టి, ఆ ఉన్నిని వేళ్లతో నొక్కుతూ కసిం దింపుతారు. ఒకసారి పడ్డ గీతను చెరపడం కుదరదు. అలాంటి గీతతో రామాయణమంతా ఒకే గుడ్డ మీద గడులు గడులుగా నింపి, కింద తెలుగులో కథ రాసిన పనితనానికి సాటేదీ! 1950ల చివర కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రాకపోతే ఈ విద్య కొడిగట్టేది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి బొమ్మల్లో చీర కుచ్చెళ్ల మీద గీత ఎంత నిబ్బరంగా దిగుతుందో చూసినవారికి యంత్రం గీసిన గీత రుచించదు. అచ్చులతో వేసే పెడన అద్దకం అందమైనదే, దాని గౌరవం దానిది. కానీ అచ్చుకు దొరకని ప్రాణం కలానికి ఉంది.

స్థలం ఎక్కడిదంటారు. గజాల ధర మండిపోతున్న మాట నిజమే, అయితే పైన చెప్పినవన్నీ రెండు సెంట్లలో అమరుతాయి.  రసాయన రంగులతో ఒక్క రోజులో అవుతుంది కదా అంటారు. అవుతుంది, కానీ కరక్కాయ, పటిక, చిరివేరు ఒకదానితో ఒకటి కలిసి గుడ్డలో పుట్టించే లోతు పైన పూసిన రంగుకు ఎక్కడిది? అసలు దగా దుకాణాల్లో జరుగుతోంది. స్క్రీను ముద్ర వేసిన చీరకు కలంకారీ అని చీటీ కట్టి అమ్ముతున్నారు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నా కొనేవారు చూసుకోకపోతే అది కాగితం మీదే మిగులుతుంది. ఒకే పువ్వు పదిచోట్ల వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది చేతిపని కాదు. వారాల తరబడి గుడ్డ మీద వంగిన ఆడవాళ్ల కూలిని ఆ నకిలీ చీర మింగుతోంది, ఇది సహించరానిది.

ఇల్లు కట్టబోతున్నవారికి ఒక మనవి. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు వెనక రెండు సెంట్లు వదలమనండి, అక్కడ ఎండ ఎటు పడుతుందో గుర్తు పెట్టించండి. పిల్లల్లో ఒకరైనా శ్రీకాళహస్తి వెళ్లి కలం పట్టడం నేర్చుకుని వస్తే, పని చేసుకోవడానికి ఇంట్లో చోటు సిద్ధంగా ఉండాలి.